రెండు గేట్ల మధ్య పోయినవాడు

ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టుకి సొంత దేశంలో ఆడే యోగం లేదు. తమ రాజధానికి వెళ్ళే కొండదారి ఏడాదిలో సగం రోజులు విరిగిపడిన చరియల కిందే ఉండేది. సరిహద్దు దాటితే మాత్రం ఇట్టే పొరుగు దేశపు పట్నం వచ్చేస్తుంది. అందుకని తాతల నాటి నుంచీ ఆ జట్టు పొరుగు దేశపు లీగులోనే ఆడుతోంది. ఆరు జట్ల చిన్న లీగు, అన్నిటికీ కలిపి ఒకటే మైదానం. "ఇంతకీ మీది ఏ దేశమయ్యా?" అని అక్కడివాళ్ళు ఎగతాళి చేస్తే, జట్టుకి ఆట నేర్పే మాస్టారు తడుముకోకుండా, "ఆదివారం మీ దేశం, సోమవారం నుంచి మా దేశం" అనేవాడు.

జట్టు బస్సు నడిపేది ఒక ఆడమనిషి. తండ్రి పోయాక ఆయన స్టీరింగే ఆమె చేతికొచ్చింది. ఆమె తమ్ముడు ఆ జట్టులోనే ఎడమవైపు వింగ్‌లో ఆడేవాడు. వీపు మీద పదకొండో నంబరు. బక్కపలచని మనిషి. బంతి కాలికి తగిలిందంటే గీత వెంబడి ఎగిరిపోయేవాడని అటూ ఇటూ కూడా అందరూ పిట్ట అనే పిలిచేవాళ్ళు. వాడికి అక్క కాబట్టి ఆమె జట్టు మొత్తానికీ అక్కే అయింది.

పిట్ట పెళ్ళి కూడా ఆ మైదానమే కుదిర్చింది. అక్కడ మైకు పట్టుకుని ఆటగాళ్ళ పేర్లు చదివే పెద్దాయనకి ఒక కూతురు. ఒకరోజు ఆట అయ్యాక ఆ పిల్ల నేరుగా వాడి దగ్గరికొచ్చి, "నీ పేరు రాగానే మా నాన్న గొంతు పెంచుతాడు. అంత గొప్పేముందో చూసి పోదామని వచ్చాను" అంది. చూడ్డానికి వచ్చిన పిల్ల ఆ మరుసటి ఏడు ఇటువైపు కోడలిగా వచ్చింది. గేటు దగ్గర ముద్రలు వేసే గుమస్తా, "దీన్ని దిగుమతి కింద రాయాలా, ఎగుమతి కింద రాయాలా?" అని నవ్వాడట.

ఆ రెండు దేశాల గేట్లూ ఆనుకుని లేవు. అవతలి గేటు దాటాక ఇవతలి గేటు వచ్చేలోపు ఏటి ఒడ్డున మైలు పొడుగు రోడ్డు ఉంది. ఒకప్పటి తగాదాలో అది ఎవరికీ చెందకుండా మిగిలిపోయింది. దానికి గుంతలు పూడ్చే దిక్కు కూడా లేదు.

రెండేళ్ళ కిందట, వానలు వెనకపట్టిన రోజుల్లో, ఒక ఆట గెలిచి తిరిగి వస్తున్నారు. ఇవతలి గేటు దగ్గర ఏదో సరుకు తగాదా వచ్చి లారీలు బారు తీరాయి. బస్సు ఆ మైలు రోడ్డు మీద చిక్కుకుంది. వెనక సీట్లలో కుర్రాళ్ళు పాటలు పాడుతున్నారు. పిట్ట లేచి ముందుకొచ్చి, అక్క వెనకాల సీట్లో కూలబడ్డాడు.

"అక్కా, గుండెల మీద ఎవరో ఎక్కి కూచున్నట్టుందే."

అద్దంలో వాడి మొహం చూసి ఆమె బస్సులోంచి దూకింది. లారీల పక్కనుంచి పరిగెత్తి గేటు పట్టుకుంది. కాపలావాడు చెడ్డవాడేం కాదు, ఫోను చేశాడు కూడా. "అంబులెన్సు వస్తుందమ్మా. కానీ గేటు దాటి అటు రాదు. ఇన్సూరెన్సు వర్తించదంట. మీరే మనిషిని ఇక్కడిదాకా తెచ్చుకోవాలి" అన్నాడు. మాస్టారు వెనక గేటుకి పరిగెత్తాడు. అక్కడివాళ్ళు, "మీరు బయటికెళ్ళినట్టు ముద్ర పడిపోయింది. మళ్ళీ లోపలికి రావాలంటే పైనుంచి మాట రావాలి" అన్నారు. పైవాళ్ళు ఆదివారం ఎక్కడ దొరుకుతారు? చివరికి కుర్రాళ్ళే సీటు మెత్త పీకి, పిట్టని దాని మీద పడుకోబెట్టి లారీల సందుల్లోంచి మోసుకొచ్చారు. గేటు దగ్గరికి వచ్చేసరికి వాడి చెయ్యి కిందికి వేలాడుతోంది.

వాడిని సొంత ఊళ్ళోనే మట్టి చేశారు. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. చావు ఎక్కడ జరిగితే అక్కడ రాయించాలని చట్టం. ఇవతలి ఆఫీసు గుమస్తా, "ఆ రోడ్డు మన దేశం కాదమ్మా" అన్నాడు. అవతలి ఆఫీసులో, "మా గేటు దాటేటప్పుడు నిక్షేపంలా ఉన్నాడు, ఇదిగో మా ముద్ర" అన్నారు. చెప్పులరిగేలా తిరిగి తిరిగి అక్క మళ్ళీ ఇవతలి ఆఫీసు గుమస్తా దగ్గరికే వచ్చింది.

"మరి మా తమ్ముడు ఏ దేశంలో పోయినట్టు సార్?"

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "పోయాడని నాకు తెలుసు తల్లీ. చూడ్డానికి నేనూ వచ్చాను. కానీ ఎక్కడ అని రాయను?"

దాంతో పిట్ట చావు ఏ దేశానికీ పట్టలేదు. పట్టకపోతే పట్టకపోయిందిలే అనుకునేవాళ్ళేమో. కానీ ఆ లీగులో ఒక రివాజు ఉంది. ఆటకి ముందు జట్టులో నమోదైన అందరి పేర్లూ మైకులో చదవాలి. ఒక పేరు కొట్టెయ్యాలంటే ఆటగాడు వేరే జట్టుకైనా పోవాలి, చచ్చిపోయినట్టు కాగితమైనా చూపించాలి. ఒక్క పేరు వదిలేసినా లిస్టు తప్పిందని ఆట చెల్లదంటారు. చదవాల్సిందేమో పిట్ట మామగారు.

మొదటి ఆదివారం ఆయన అల్లుడి పేరు దగ్గర ఆగిపోయాడు. మైకులోంచి కాసేపు ఊపిరి మాత్రమే వినిపించింది. తర్వాత చదివాడు. జనమంతా లేచి నిలబడ్డారు. ఆపై వారమూ నిలబడ్డారు. కొన్నాళ్ళకి లేవడం మానేసి చప్పట్లు కొట్టారు. ఇంకొన్నాళ్ళకి అదీ అలవాటైపోయి, ఎవడో ఆకతాయి, "పాస్ ఇవ్వండ్రా పిట్టకి!" అని అరిచాడు. నవ్వులు లేచాయి. అదే ఆటలో లైన్స్‌మన్ ఎడమవైపు ఆఫ్‌సైడ్ అని జెండా ఎత్తాడు. అటు చూస్తే అక్కడ ఎవరూ లేరు. రిఫరీ అడిగితే లైన్స్‌మన్ జెండా వంక, గడ్డి వంక చూసుకుని, "ఒక మనిషి ఉన్నాడండీ" అన్నాడు. ఆ తర్వాత ఆ మైదానంలో ఎవరూ నవ్వలేదు.

పిట్ట స్థానంలోకి ఒక కొత్త వింగర్ వచ్చాడు. మంచి ఆటగాడు, పొగరు తక్కువ. నాలుగు ఆటలు ఆడాక బస్సు దగ్గరికొచ్చి, చెప్పలేక చెప్పలేక అక్కతో చెప్పాడు.

"ఆ పక్క ఖాళీ లేదక్కా."

"ఖాళీ లేకపోవడమేంట్రా? గీతదాకా మైదానమే కదా?"

"నాకూ గీతకీ మధ్య ఎవరో పరిగెత్తుతుంటారు. నేను ఆగితే ఆగుతారు. ఒక్కోసారి ఆయాసం వినపడుద్ది."

అక్క వాణ్ణి కసరలేదు. కసరడానికి ఆమెకి నోరేదీ? ఆ మైలు రోడ్డు మీదకి రాగానే తన వెనక ఖాళీ సీటు స్ప్రింగు కిర్రుమనడం ఆమె మొదటి ఆదివారం నుంచీ వింటోంది. ఎవరో ముందుకు వంగి ఏదో చెప్పబోయినట్టు మెడ వెనక వెచ్చగా తగిలేది. అద్దంలో చూడాలంటే భయం. చూడకపోతే, అయ్యో వాడు పిలుస్తుంటే చూడలేదే అని బాధ. ఆ రోడ్డు మీద జట్టంతా నోరు మూసుకునేది. ఒకసారి గోల్‌కీపరు, "ఈ మైలు దేశానికి రాజూ పిట్టన్నే, ప్రజా పిట్టన్నే" అన్నాడు. అనేసి, తనే చెంపలేసుకున్నాడు.

ఇంట్లో అమ్మ సంగతి వేరు. ఆదివారం వచ్చిందంటే పొయ్యి మీద గిన్నె దించేసి పొరుగు దేశపు రేడియో పెట్టుకుని కూర్చునేది. కొడుకు పేరు వినపడగానే తృప్తిగా తల ఊపేది.

"మనవాళ్ళు పోయినవాణ్ణి మూణ్ణాళ్ళకే మర్చిపోతారు. వాళ్ళు చూడు, ఎంత మర్యాదస్తులో. ఇంకా పిలుస్తున్నారు మావాణ్ణి."

కోడలు ఆ వేళకి పెరట్లోకి వెళ్ళిపోయి కొళాయి పెద్దగా తిప్పి, ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికేది. కన్నతండ్రి గొంతే వారం వారం చనిపోయిన భర్తని పిలుస్తుంటే వినడం ఎంత నరకమో ఆమెకే తెలుసు. కానీ ఆమె ఏడుపు అది ఒక్కటే కాదు. ఒకరోజు వదినతో అనేసింది:

"కొత్త కుర్రాడికి తెలుస్తాడు. లైన్స్‌మన్‌కి కనబడతాడు. నీకు వినపడతాడు, నువ్వు చెప్పకపోయినా నీ మొహమే చెబుతుంది. నాకొక్కదానికే ఏమీ లేదు వదినా. ఈ ఇంట్లో, ఆ మంచం మీద, ఒక్కనాడు కూడా నాకు ఏమీ తెలియలేదు. నేనేం చేశాను తనని?"



ఆ వేసవిలో కొండ కింద సొరంగం తెరిచారు. ఇక రాజధాని దగ్గరైపోయింది. రెండు దేశాల ఫుట్‌బాల్ సంఘాల పెద్దలూ కూర్చుని, ఏ దేశపు జట్టు ఆ దేశంలోనే ఆడాలని తీర్మానించారు. పేపర్లో వార్త చూసి మాస్టారు, "ఇన్నాళ్ళకి మనకి దేశం దొరికింది" అన్నాడు. ఆయన గొంతులో సంతోషం లేదు. పొరుగు దేశంలో ఆఖరి ఆటకి ఇంటివాళ్ళనీ తీసుకురావచ్చని రెండు గేట్లవాళ్ళూ ఒప్పుకున్నారు. అమ్మ పెట్టెలోంచి మంచి చీర తీసింది.

వియ్యంకుడిని ఆమె చూడటం పెళ్ళి తర్వాత మళ్ళీ అదే. మైదానం పక్కన చెక్క మెట్లెక్కితే ఆయన గది. బల్ల, మైకు, ఒక కిటికీ. కూతురు తండ్రి చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, ఈ ఒక్కసారి చదవకు. ఆఖరి ఆటే కదా. ఎవరేం చేస్తారు?"

"ఆట కొట్టేస్తారమ్మా. ఆ కుర్రాళ్ళ కష్టం పోతుంది."

"చదవండి అన్నయ్యగారూ" అంది అమ్మ. "నేను వచ్చిందే దానికి. మీ గొంతు రేడియోలో కాకుండా ఎదురుగా వినాలని."

ఆయన వియ్యపురాలి మొహం చూశాడు, కూతురి మొహం చూశాడు. "రెండేళ్ళుగా ఒకరి కోసం చదువుతున్నాను, ఒకరి కోసం మానెయ్యాలనుకుంటున్నాను చెల్లెమ్మా. నా ప్రాణం మాత్రం ఎవరికీ అక్కర్లేదు" అన్నాడు. కుర్చీలు తెప్పించి ఇద్దర్నీ కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. అక్క వాళ్ళ వెనక నిలబడింది. కిందనుంచి సైగ రాగానే పేర్లు చదివాడు. పిట్ట పేరుకి గొంతు పెంచాడు, వెనకటిలాగే.

ఆట మొదలైంది. మబ్బు పట్టిన మధ్యాహ్నం, గాలి లేదు. రెండో సగం నడుస్తుండగా కొత్త వింగర్ ఉన్నట్టుండి పరుగు ఆపి గీత దగ్గరికి వచ్చేశాడు. వాడి పెదవులు తెల్లబడ్డాయి.

"నన్ను తీసెయ్యండి మాస్టారూ. ఇవాళ నన్ను భుజంతో నెడుతున్నాడు. ఆఖరిసారి అని తనకీ తెలుసు."

మాస్టారు వాడి మొహం చూశాడు, ఖాళీ గీత వంక చూశాడు. ఆటగాళ్ళ మార్పులు చూసే నాలుగో రిఫరీ దగ్గరికి నడిచి వెళ్ళి, మార్పు కావాలన్నాడు.

"ఎవరు దిగుతున్నారు?"

"పదకొండు."

ప్రధాన రిఫరీ కూడా వచ్చాడు. "ఆటగాడేడీ మాస్టారూ?"

"మీ లిస్టులో ఉన్నాడు కదండీ."

"మనిషి కనబడకుండా ఎలా దింపుతారు?"

"రెండేళ్ళుగా మైకులో పిలుస్తున్నది మీరు, నేను కాదు. పిలిచిన మనిషిని ఇన్నాళ్ళూ గుమ్మం బయట నిలబెట్టారు. ఒక్కసారి లోపలికి రానివ్వండి."

రిఫరీ ఏమనుకున్నాడో మరి. జేబులోంచి కార్డు తీసి నంబరు రాసుకుని, చెయ్యి ఊపాడు. కిందనుంచి చీటీ పైకి వచ్చింది. పెద్దాయన దాన్ని రెండుసార్లు చదువుకుని, మైకు దగ్గరికి లాక్కుని, అల్లుడు మైదానంలోకి దిగుతున్నాడని చెప్పాడు. చప్పట్లు లేవు. ఎక్కడో ఒక చంటిపిల్ల ఏడిస్తే తల్లి దాని నోరు మూసింది.

జట్టు పదిమందితో ఆడింది. పదిమందే అని చెప్పడానికి మాత్రం చూస్తున్నవాళ్ళెవరికీ నోరు రాలేదు. అవతలి జట్టులో ఆ వైపు కాపు కాసే రైట్‌బ్యాక్, గుమ్మమంత మనిషి, బంతి ఎటో ఉంటే తను ఖాళీ గీత పక్కన చేతులు చాపుకుని వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. ఒకసారి బంతి ఎడమ గీత దాటబోయి, దాటకుండా లోపలికి వంగింది. మట్టిగడ్డ తగిలి ఉంటుందని తర్వాత కొందరు అన్నారు.

అమ్మ కుర్చీలోంచి లేచింది. కిటికీ చట్రం పట్టుకుంది. మొహం వెలిగిపోతోంది. "అదుగో, అదుగో, చూడవే వాడి పరుగు" అంది కోడలితో. కోడలు కళ్ళు చించుకుని చూసింది. అక్క కూడా చూసింది. తొక్కిన గడ్డి, తెల్ల గీత. అంతే.

కాసేపటికి అమ్మ మొహంలో వెలుగు తగ్గింది. ఆమె చెయ్యి తన గుండె మీదికి పోయింది.

"ఏమే," అంది అక్కతో, చిన్నగా. "వాడు అలిసిపోయాడే."

"అమ్మా..."

"ఆయాసపడుతున్నాడే. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఇటే చూస్తున్నాడు. అయినా పరిగెత్తమంటే మళ్ళీ పరిగెత్తుతున్నాడు. వెర్రినాగన్న, పిలిస్తే రానని ఎప్పుడన్నాడు గనక?" పెద్దాయన వైపు తిరిగింది. "చాలు. ఆపమను. అన్నయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను, మావాణ్ణి బయటికి పిలిచెయ్యండి. ఇక పిలవొద్దు, పంపించెయ్యండి."

అక్క చెక్క మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగింది. మాస్టారికి చెప్పింది. ఆయన మారుమాట్లాడకుండా బెంచీ మీది ఇంకో ఆటగాణ్ణి లేపాడు. ఆ లీగులో ఇంకో నియమం ఉంది. ఒకసారి బయటికి వచ్చేసినవాణ్ణి మళ్ళీ లోపలికి పంపకూడదు. ఆ సంగతి రిఫరీకీ తెలుసు. ఆట ఆపించి, చెయ్యెత్తి నిలబడ్డాడు.

మైకులో పెద్దాయన గొంతు వచ్చింది. ఈసారి పెంచలేదు. పక్కగదిలో పడుకున్నవాణ్ణి లేపకుండా మాట్లాడినట్టు, అల్లుడి పేరు చెప్పి, "మైదానం విడిచి వెళ్తున్నాడు" అన్నాడు.

జనం లేచారు. ఆటగాళ్ళు, అవతలి జట్టువాళ్ళు కూడా, ఉన్నచోటే నిలబడ్డారు. గీత దగ్గర నిలబడ్డ ఆటగాడు అలవాటు చొప్పున, బయటికొచ్చే మనిషికోసం అరచెయ్యి చాపాడు. చాపినవాడు అలాగే ఉండిపోయాడు. ఆ తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుని చూసుకుంటే అరచెయ్యంతా చెమట. తనదే అయి ఉంటుందని ఎవరూ అనలేదు, వాడూ అనలేదు. జెర్సీకి తుడుచుకోబోయి, ఎందుకో తుడుచుకోకుండానే లోపలికి పరిగెత్తాడు.

జట్టు ఒక్క గోల్ తేడాతో ఓడిపోయింది. ఎవరికీ పట్టలేదు.

తిరుగు ప్రయాణంలో అమ్మ పిట్ట సీట్లో కూర్చుని, గేటు దాటకముందే నిద్రపోయింది. రెండేళ్ళలో ఆమె అంత మొద్దునిద్ర పోవడం అక్క చూడలేదు. బస్సు మైలు రోడ్డు మీదకి వచ్చింది. అక్క భుజాలు బిగబట్టి కాచుకుంది. గుంతల్లో చక్రాల చప్పుడు, అమ్మ గురక తప్ప ఇంకేం లేదు. మెడ వెనక చల్లగా ఉంది. ఇవతలి గేటు దీపాలు కనబడుతుంటే ఆమెకి కళ్ళు మసకబారి, బస్సు పక్కకి తీసి ఆపేసింది.

కోడలు ముందుకొచ్చి మెట్టు మీద కూర్చుంది. "ఏమైంది వదినా?"

"ఏమీ కాలేదు. ఇవాళ ఏమీ వినపడలేదు. వాడు లేడు."

కోడలు ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. "నాకు రోజూ ఇంతే" అంది. కుర్రాళ్ళు ఎవరూ తొందరపెట్టలేదు. అక్క మొహం తుడుచుకుని మళ్ళీ గేరు వేసింది.

కోడలు తర్వాత తండ్రి దగ్గరికి వెళ్ళిపోతుందేమో అనుకున్నారు గానీ వెళ్ళలేదు. ఊళ్ళోనే బట్టల దుకాణంలో పనికి చేరింది. జట్టు సొరంగంలోంచి రాజధానికి పోయి ఆడుతోంది. అక్కడి జనం వాళ్ళ మాట తీరు విని, "మీ దేశం పొండి!" అని అరుస్తారు. కొత్త వింగర్‌కి ఎడమవైపు బోలెడంత చోటు ఉంది. కానీ ఆట పలచబడింది. పక్కన ఎవరూ లేకపోతే గీత ఎక్కడుందో తెలియడం లేదంటాడు.

చలికాలంలో ఎన్నికలు వచ్చాయి. ఓటరు చీటీలు పంచే మనిషి ఆ ఇంటి తలుపు కొట్టాడు. అమ్మ పేరు, అక్క పేరు చదివి, చీటీలు ఇచ్చి, మూడోది చదివాడు. పిట్ట పేరు. లోపల కూరలు తరుగుతున్న అక్క చెయ్యి ఆగిపోయింది. అమ్మ "ఉండు, పిలుస్తాను" అంటుందేమోనని భయపడింది.

"ఇంట్లో ఉన్నారాండీ?"

"లేడు నాయనా. పోయాడు" అంది అమ్మ.

"అయ్యో. మరి పేరు తీయించుకోలేదేం? పోయినట్టు ఎక్కడా లేదే?"

"అది మీ దేశాన్నే అడుగు. మా ఇంట్లో మాత్రం పోయాడు."

ఆ మనిషి ఏం చెయ్యాలో తోచక చీటీ పట్టుకుని నిలబడ్డాడు. అమ్మే, "ఇల్లిల్లూ తిరిగి వచ్చావు, మంచినీళ్ళు తాగుతావా?" అని అడిగి, చెంబు కోసం లోపలికి వచ్చింది.